బళ్లారివారు ఒక్కరూ లేరు

1962 ఫిబ్రవరి ఐదో తేదీ, సోమవారం, ఉదయం పదిన్నర. బళ్లారి గాంధీనగర్‌లో మా వెనుక వీధిలో బొంతలు కుట్టే ఆమె సామాన్లను ఇంటి యజమాని బయట పెట్టించాడు. మూడు నెలల బాడిగ, నెలకు ఎనిమిది చొప్పున ఇరవై నాలుగు రూపాయలు బాకీ. భర్త పోయిన మనిషి. నాలుగో తరగతి చదివే కూతురు పాత చీరల మూటల మీద కూర్చుని ఉంది. నేను డబ్బు తీసుకుని వెళ్లేసరికి గది వేరేవాళ్లకు ఇచ్చేశాడు. వీధిన పడ్డ మనిషికి మరెవరూ గది ఇవ్వలేదు. ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు పత్తి మార్కెట్ వసారాకు చేరారు. అక్కడ అప్పటికే పదహారు కుటుంబాలు పడుకుంటున్నాయి.

నేను అప్పుడు మహిళా సమాజం కార్యదర్శిని. మార్చిలో మునిసిపాలిటీ బడ్జెట్. అందులో మూడు వేలు అడిగాం. రెండున్నర వేలు రేకుల షెడ్డుకు. ఐదు వందలు, బాడిగ కట్టలేక వీధిన పడబోయేవాళ్లకు చేబదులుగా. ఇరవై నాలుగు రూపాయలు వేళకు దొరికి ఉంటే ఆమెకు షెడ్డు అక్కరే లేదు. ఈ సంగతి మునిసిపాలిటీ అధ్యక్షుడికి మూడుసార్లు చెప్పాను.

"ముందు ఊర్లో ఇల్లు లేనోళ్లు ఎంతమందో తెలియాల గదమ్మా," అన్నాడాయన మూడోసారి.

న్యాయమే అనిపించింది. లెక్కకు గుమాస్తాను పంపితే నేనూ వెంట వెళ్లాను.

"మీదే ఊరు?" అని అడిగాడు గుమాస్తా.

"మాది ఆలూరు పక్కనప్పా," అంది బొంతలామె.

మన వైపు ఎవరిని అడిగినా అంతే. ఎక్కడ పుట్టినా, ఎక్కడ బతికినా, ఇలవేల్పు ఉన్న ఊరే మన ఊరు. ఈమె తాత నాడే ఆలూరు వదిలారు. తర్వాత రాష్ట్రాలు విడిపోయినప్పుడు ఆలూరు ఆంధ్రాకు, బళ్లారి మైసూరుకు పోయాయి. ఈమె పుట్టిందీ పెళ్లయిందీ బళ్లారిలోనే. ఆలూరు వైపు అమ్మవారి గుడి తప్ప వాళ్లదంటూ ఒక గోడ కూడా లేదు.

"ఈడ ఎన్నేండ్ల నుంచి ఉండావో చెప్పు," అన్నాను.

"ఆయప్ప అడిగింది ఊరు గదమ్మా. ఈడుండేది కనపడతానే ఉండాది."

పక్కనున్న ముసలాయన నవ్వాడు. "ఇల్లెట్లా లేదు. ఊరన్నా ఉండనీ తల్లీ."

"నేను రాసేది ఊరొక్కటేనమ్మా. ఎన్నేండ్లని రాయమని నాకు చెప్పలేదు," అన్నాడు గుమాస్తా. పదిహేడు కుటుంబాలూ పదిహేడు ఊళ్లు చెప్పాయి.

బడ్జెట్ సభలో అధ్యక్షుడు చదివాడు: "వసారాలో ఉన్నవారిలో బళ్లారివారు ఒక్కరూ లేరు."

"ఆంధ్రావోళ్లకు మన దుడ్డుతో షెడ్డెందుకప్పా? వాళ్ల సర్కారు వాళ్లకుండాది," అన్నాడు ఒక సభ్యుడు. ఆయన కుటుంబం రెండు తరాలుగా బళ్లారిలో లారీలు తిప్పుతోంది.

నాకు అక్కడ మాట్లాడే హక్కు లేదు. అయినా లేచి, "మీదే ఊరప్పా?" అన్నాను.

"మాది రాయదుర్గం దగ్గర," అని ఆగిపోయాడు.

రాయదుర్గమూ ఆంధ్రాలోనిదే. సభంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వడం అయ్యాక ఆ పద్దు కొట్టేశారు. వచ్చే ఏడు చూద్దామన్నారు.

జూన్‌లో మార్కెట్‌వాళ్లు వసారాకు ఇనుప కటాంజనం బిగించారు. అందరూ పెద్ద మోరీ గట్టుకు మారారు. మొదటి వానకే మోరీ పొంగింది. బొంతలకని ఇళ్లవాళ్లు ఇచ్చిన చీరలన్నీ బురదలో నాని కుళ్లాయి. అవి తిరిగి ఇవ్వలేకపోయిన ఆమెకు మళ్లీ ఎవరూ చీరలు ఇవ్వలేదు. జూలైలో కూతురిని తీసుకుని ఆలూరు బస్సెక్కింది, తెలిసినవాళ్లు ఒక్కరూ లేని ఆ సొంత ఊరికి.

పోయినవి ఇవి. కుట్టిన బొంతలు నాలుగు, సగం కుట్టినవి రెండు. చీరలు ముప్పై ఒకటి, అందులో మా ఇంటివి మూడు. ఐదో తరగతిలో చేరని పిల్ల ఒకతె. బళ్లారిలో పుట్టి పెరిగిన మనిషి ఒకతె.