పత్తి బేళ్ల వెనక పరమవీర చక్రం

ఆ రోజుల్లో ధైర్యమనేది మనిషి బొటనవేలిలో ఉంటుందని నా గట్టి నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చిన ఆర్నెల్లకే కరీంనగర్‌లో ఒక మిక్సీ రిపేరు దుకాణం పైఅంతస్తులో ఉద్యోగం దొరికిన ఇరవై రెండేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద తత్వం ఎక్కడ దొరుకుతుంది? ఫోన్లలో పదిమంది కలిసి ఆడుకునే తుపాకుల ఆట ఒకటి తయారుచేసే కంపెనీ మాది. కంపెనీ అంటే గట్టిగా ముగ్గురం. ఒకరు యజమాని. చాయ్ బాగున్నా, పోయిన కరెంటు వచ్చినా 'నెక్స్ట్ లెవల్!' అనేవారు కాబట్టి చాటుగా ఆయన మాకు 'నెక్స్ట్ లెవల్ సార్'. రెండో మనిషి ఆటను రాసేదీ గీసేదీ తానే అయిన ఆదిలాబాద్ అన్న. జిన్నింగ్ మిల్లు గోడ పక్కన పుట్టి పెరిగినవాడు కావడం చేత మా యుద్ధభూమి అచ్చం పత్తి మిల్లులాగే ఉండేది. అయిదుగురేసి రెండు జట్లుగా చీలి, పత్తి బేళ్ల వెనక నక్కి, ఒకళ్లనొకళ్లు కాల్చుకోవాలి. (శత్రువులెవరని ఎవరూ అడగలేదు. అడిగుంటే అన్న పత్తి దళారుల పేర్లు వరసగా చెప్పేవాడు.) మూడో మనిషిని నేను. నా పని గెలిచినవాళ్లకు ఇచ్చే పతకాలు చూసుకోవడం.

నేను చేరేనాటికి ఆ పతకాలకు సార్ స్వయంగా పేర్లు పెట్టి ఉన్నారు: సూపర్ షూటర్, మెగా షూటర్, అల్ట్రా షూటర్. ఆడి చూడమని పిలిచిన కాలేజీ పిల్లలు మొహమాటం లేకుండా చెప్పారు: "అక్కా, గివి బట్టల సబ్బు పేర్ల లెక్కున్నయ్." అప్పుడు మెరిసింది నా బుర్రలో. నిజం సైన్యంలో నిజంగా ఇచ్చేవే ఇస్తే? వీర చక్ర, మహావీర చక్ర, ఆపైన పరమవీర చక్ర! చెప్పగానే సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నెక్స్ట్ లెవల్ అమ్మా! హైదరాబాద్ కెల్లి మన ఆట చూసి పైసలు పెట్టనీకి రెండు వారాలల్ల మనుషులొస్తున్నరు. వాళ్లకు నచ్చితే నీ నౌకరి పక్కా." అప్పటికి నేనింకా మూణ్నెల్ల పరీక్ష మీద ఉన్న ఉద్యోగిని. ఆ సాయంత్రానికే లెక్క కట్టేశాను. ఎన్ని ఆటలు పట్టినా సరే, మొత్తం పదిమందిని పడగొడితే వీర చక్ర, ఇరవై మందికి మహావీర చక్ర, తాను చావకుండా ముప్పై మందిని పడగొడితే పరమవీర చక్ర. సరిగ్గా పనిచేస్తోందా లేదా అని మర్నాడు నేనే ఆడి చూశాను. మధ్యాహ్నంలోపు నాలుగు పరమవీర చక్రలు వచ్చాయి. అందులో ఒకటి కుడిచేత్తో పులిహోర తింటూ ఎడమచేత్తో సాధించింది. గర్వం ఆగక, తెర మీద చక్రం మెరుస్తుండగా ఫొటో తీసి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

అక్కడే తప్పులో కాలేశాను. ఆ గ్రూపులో మా మేనమామ ఉన్నాడు.

మా మామ ఫౌజీ. హవల్దారుగా పదవీ విరమణ చేసి, సుల్తానాబాద్‌లో మా ఇంటికి రెండు సందుల అవతల ఉంటూ వరి పండించేవాడు. మర్నాడు పొద్దున నేను బస్సుకు తయారవుతుంటే వచ్చాడు. చేతిలో ఒక చిన్న రేకు డబ్బా. మా అవ్వ, అంటే మా అమ్మే, సంబరంగా, "సూసినవా తమ్మీ, నీ కోడలికి మిలట్రోళ్లు ఏందో ఇచ్చిండ్రట" అంది. (అవ్వకు నేనే అలా అర్థమయ్యేట్టు చెప్పానన్న నిజం ఇక్కడ ఒప్పుకోవాలి.) మామ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుని, విచారణ మొదలుపెట్టాడు.

"ఏం చేసినవు బిడ్డా, గింత పెద్దది వచ్చింది?"

"ముప్పై మందిని కాల్చిన మామా."

"ఎవ్వలు చూసిండ్రు?"

"ఎవ్వలు చూసుడేంది? ఫోనే లెక్క పెట్టుకుంటది."

"సాక్షి లేకుంటే ఎట్ల? చూసినోడు రాయాలె, పైనోడు నమ్మాలె. సరే, నీకు దెబ్బలెన్ని తాకినయ్?"

"ఒక్కటి గూడ తాకలే!" అన్నాను గొప్పగా.

మామ రేకు డబ్బా తెరిచాడు. లోపల రంగురంగుల పట్టీలతో పతకాలు. మామకు బోలెడు శౌర్య పతకాలున్నాయని మా వీధంతా చెప్పుకునేది, నేనూ స్నేహితుల దగ్గర చెప్పుకునేదాన్ని. ఆయన ఒక్కొక్కటే తీసి నా అరచేతిలో పెట్టాడు. "గిది మంచుకొండల మీద ఉన్నందుకు. గిది తొమ్మిదేండ్లు, గిది ఇరవై ఏండ్లు నౌకరి చేసినందుకు. గిది దేశానికి స్వతంత్రమొచ్చి యాభై ఏండ్లు నిండినయని గప్పుడు నౌకరిల ఉన్నోళ్లందరికి ఇచ్చిండ్రు, వంటోనికి గూడ." డబ్బా ఖాళీ అయింది. "ఇరవై నాలుగేండ్లల్ల నాకొచ్చినయి గివి. నువ్వు చెప్పేది వచ్చినోళ్లల్ల శానమంది, అది తీసుకునేతందుకు లేరు బిడ్డా. వాళ్ల పెండ్లాలు తీసుకున్నరు, అవ్వలు తీసుకున్నరు."

ఆ చక్రం విలువేమిటో అప్పుడు తట్టింది నాకు. అయినా ఆ వయసులో ఓటమి ఒప్పుకోవడం ఎవరికి చేతనవుతుంది? "అరె, ఆటనే గద మామా!" అన్నాను. "ఆటనే. చిర్రగోనె ఆటల గెలిచినోన్ని కలెక్టర్ సాబ్ అంటమా?" అన్నాడు. నేను ఏడుపు మొహం పెట్టి, ఆ మనుషులు వచ్చి చూసి వెళ్లేదాకా నా ఉద్యోగం గాలిలో ఉందని, సార్ ఆ పేర్లు తీయనివ్వరని చెప్పేశాను. మామ పతకాలు జాగ్రత్తగా డబ్బాలో పెట్టుకుని, "రేపు నేనొస్త మీ ఆఫీసుకు. జర చూస్త గా లడాయి" అన్నాడు.

మర్నాడు మేమిద్దరం తొమ్మిదికి అయిదు నిమిషాల ముందే అక్కడున్నాం. మామ ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. పదిన్నరకు చాయ్ గ్లాసుతో మెట్లెక్కి వచ్చిన సార్, తలుపు దగ్గర నిటారుగా నిలబడ్డ మనిషిని చూసి పోలీసులనుకుని వెనక్కి ఒక మెట్టు దిగారు. విషయం చెప్పాక అన్న మామ చేతికి ఒక ఫోనిచ్చి, కాలేజీ పిల్లలను కూడగట్టి ఆట మొదలుపెట్టాడు. మామ తన సైనికుణ్ణి నడిపించుకుంటూ పోయి ఒక పత్తి బేలు వెనక కూర్చోబెట్టాడు. అంతే. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. చుట్టూ ఢాంఢాం అని పిల్లలు ఒకళ్లనొకళ్లు కాల్చుకుంటున్నారు. "ఏం చేస్తున్నవు మామా?" అని అడిగితే, కళ్లు తెర మీంచి తిప్పకుండా, "డ్యూటీ" అన్నాడు. చివరికి అందరూ చచ్చి, ఒక్క గుండు కూడా పేల్చని మా మామ గెలిచాడు. అన్న నోరెళ్లబెట్టి, "బాప్ రే, కాకా! ఈ ఆట గిట్ల గూడ గెలవచ్చని నాకే తెల్వదు" అన్నాడు.

రెండో ఆటలో అన్న సైనికుడు మామ పక్కనే దెబ్బ తిని పడ్డాడు. మామ తెరంతా వేలితో తడిమాడు. "గీయన్ని ఎట్ల ఎత్తుకోవాలె?"

"ఎత్తుకునే బటన్ లేదు కాకా."

"కాల్చే బటన్ ఉన్నది, దుంకే బటన్ ఉన్నది, డాన్సు చేసే బటన్ గూడ ఉన్నది. ఎత్తుకునేది లేదా? మరి గిదేం ఫౌజురా అయ్యా!"

అన్న తల గోక్కుంటూ, "రెండు దినాల పని. చేస్త" అన్నాడు. మామ తీసేయమన్నా సార్‌కు చక్రాల పేర్లు వదలబుద్ధి కాలేదు. చివరికి ఒక రాజీ కుదిరింది: పేర్లు ప్రస్తుతానికి ఉంటాయి గానీ, ఎంతమందిని కాల్చినా ఏ చక్రమూ రాదు. గాయపడ్డ తోటివాణ్ణి భుజాన వేసుకుని మిల్లు గేటు దాటిస్తేనే పరమవీర చక్ర. సార్ దీన్ని కూడా నెక్స్ట్ లెవల్ అన్నారు గానీ, ఈసారి గొంతులో బలం లేదు.

హైదరాబాద్ వాళ్లు రానే వచ్చారు, ఒక మేడమ్, వెంట ఇద్దరు. గోడ మీద పెద్ద తెర, కింద చాపల మీద పదిమంది కాలేజీ పిల్లలు, వెనక బెంచీ మీద మామ. కొత్త నియమం చెప్పి నేను ఈల వేశాను. యుద్ధం మొదలైంది, వెంటనే ఆగిపోయింది. ఎందుకంటే అందరికీ పరమవీర చక్రే కావాలి. దానికి గాయపడ్డవాడు కావాలి. కాలిస్తే లాభం లేదు కాబట్టి ఎవడూ కాల్చడు, కాల్చకపోతే ఎవడూ పడడు. నిమిషం పాటు రెండు సైన్యాలూ ఎదురెదురుగా బిక్కమొహాలతో నిలబడ్డాయి. అంతలో ఒకడు కేకేశాడు: "అరేయ్, నన్ను కాల్చురా! వీడు నన్ను ఎత్తుకుంటడు. మల్ల నేను వీన్ని ఎత్తుకుంట!" ఇంకేముంది, దారి దొరికింది. ఒకడు మిల్లు కప్పెక్కి దూకి కాళ్లు విరగ్గొట్టుకున్నాడు. వాణ్ణి ఎత్తుకోవడానికి రెండు జట్ల నుంచీ నలుగురు పరుగెత్తారు. "నా పేషెంట్‌ను ముట్టకు!" అని ఒకడు, "ముందు నేను చూసిన!" అని ఇంకొకడు. మిత్రుడు లేడు, శత్రువు లేడు. కాసేపటికి తెర మీద అందరూ అందరినీ భుజాన మోసుకుంటూ పత్తి బేళ్ల చుట్టూ పెళ్లి బరాత్‌లాగా తిరగసాగారు.

సార్ రెండు చేతులతో తల పట్టుకున్నారు. నేను మనసులో ఉద్యోగానికి దండం పెట్టేశాను. వెనక బెంచీ మీంచి మామ నవ్వు మొదలైంది, నవ్వీ నవ్వీ పొలమారి, అన్న నీళ్లందించాల్సి వచ్చింది. మేడమ్ వెనక్కి తిరిగి మామను చూసి, తెరను చూసి, "ఇది యుద్ధమా, అంబులెన్సా?" అన్నారు. వెంటనే చాప మీద పిల్లవాడి చేతిలోంచి ఫోను అడిగి తీసుకున్నారు. పావుగంట తర్వాత ఆమె కూడా ఒకణ్ణి మోస్తూ గేటు వైపు పరుగెడుతున్నారు, "జరగండి, జరగండి!" అని పైకే అరుస్తూ.

తుపాకుల ఆట వాళ్లకు నచ్చలేదు. అలాంటివి వందలున్నాయన్నారు. మోసుకుపోయే ఆట మాత్రం ఉంచి, మిగతాది తీసేసి తెమ్మన్నారు. నా ఉద్యోగం నిలిచింది. వాళ్లు వెళ్లగానే, సార్ చూస్తుండగా, మూడు చక్రాల పేర్లూ నా చేత్తో నేనే తుడిచేశాను. మామ కొత్త పేరు ఒక్కటే చెప్పాడు: 'శభాష్'. మోయబడ్డవాడు నొక్కితేనే అది మోసినవాడికి వస్తుంది.

ఎండ ఇంకా తగ్గకముందే ఇద్దరం సుల్తానాబాద్ బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చుని మామ ఇంకా మధ్యమధ్య నవ్వుకుంటున్నాడు. నేను ఊరికే అడిగాను: "మామా, నిజంగ నువ్వెప్పుడన్న ఎవలనన్న మోసినవా?"

"మోసిన."

"మరి దానికేం ఇచ్చిండ్రు?"

"ఏమిస్తరు? మంచిగైనంక పంజాబ్‌ల వాళ్లూరికి పోయిండు. ఏటా దీపావళికి ఫోన్ చేస్తడు. పిల్లలతోటి గూడ మాట్లాడిపిస్తడు."

ఇప్పటి నేనయితే ఆ క్షణంలో ఎన్నో అడిగేదాన్ని. ఎక్కడ, ఎప్పుడు, భయం వేసిందా, దారిలో ఆయన ఏమన్నాడు అని. కానీ బస్సులో ఉన్నది ఆ ఇరవై రెండేళ్ల పిల్ల. బుర్ర నిండా మర్నాడు ఆటలో సరిచేయాల్సిన నడక వేగాలే తిరుగుతున్న పిల్ల. అది ఎంతో శ్రద్ధగా ఫోనులో రాసుకోవడానికి సిద్ధపడి అడిగింది: "ఆయన బరువెంత మామా?"

మామ బస్సులోవాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు.

"గప్పుడు తూకం వెయ్యలే బిడ్డా."