టేపు రెండో కొస నా చేతిలోనే

మా చిన్నప్పుడు... బహ్రెయిన్‌లో శుక్రవారమంటే పిల్లలంతా సముద్రానికి పోయేవాళ్లు. నేను మాత్రం మా బాపుతో పాడుబడ్డ ఇళ్లకు పోయేదాన్ని.

"సెలవునాడు సుత కూలిన గోడలేనా తండ్రిబిడ్డలకు? తేళ్లుంటయ్, పైలం!" అని అమ్మ వెనక నుంచి అరిచేది... మేం అప్పటికే మెట్లు దిగేసేవాళ్లం.

తొంభైల నాటి మాట. బాపు ఒక కాంట్రాక్టు కంపెనీలో సర్వేయరు. బుదైయా వైపు, ఖర్జూరపు తోటల మధ్య ఓ పాతిల్లు ఉండేది. సముద్రపు రాయితో కట్టిన గోడలు... పెచ్చులూడి లోపలి గవ్వలు కనిపించేవి. సగం కూలిన కప్పులోంచి ఎండ పడేది. గోడలకు వరుసగా గూళ్లు. అందులో ఒకటి నాది. ఏరుకున్న గవ్వలూ, ఒక నీలం గాజు పెంకూ దాంట్లో దాచుకునేదాన్ని.

అక్కడ మాకో ఆట ఉండేది. కొలతల టేపు ఒక కొస పట్టుకుని బాపు నడిచేవాడు. రెండో కొస గోడ మూలకు ఆనించి నేను కూర్చునేదాన్ని.

"గట్టిగ పట్టు బిడ్డా, వదులు కావద్దు."

ఊపిరి కూడా బిగబట్టేదాన్ని. అంకె ఆయన పుస్తకంలోకి ఎక్కేది. ఆటే అనుకున్నాను... ఎనిమిదేళ్లు నాకు.

పక్క తోట ముసలాయన ఆ ఇంట్లోనే పుట్టాడట. ఒకరోజు గిన్నె నిండా ఖర్జూరాలు తెచ్చి, వచ్చీరాని హిందీలో "ఘర్ అచ్ఛా కరేగా?" అన్నాడు. ఇల్లు బాగుచేస్తారా అని.

బాపు నా వైపు చూశాడు. టేపు వైపు చూశాడు. తలూపాడు. "హా హాజీ... అచ్ఛా కరేగా."

ముసలాయన నా నెత్తిమీద చెయ్యి పెట్టి, ఇంకో గుప్పెడు పోశాడు. అన్నీ నేనే తిన్నాను.

మరోసారి వెళ్లేసరికి నా గూటి పక్కనే ఎర్ర రంగుతో ఇంటూ మార్కు... కింద అంకె. ఏడుకు నడుమ అడ్డగీత. ఏడును అలా వేసేది మా బాపే. నా లెక్కల నోటుబుక్కు నిండా అదే ఏడు.

"ఇదేంది బాపూ?"

"రోడ్డొస్తది బిడ్డా. ఇల్లు పోతది."

"మరి తాతకు బాగుచేస్తమని చెప్పినవ్ గద?"

"నిజం చెప్తే ఆగుతదా? గీత గీసేటోన్ని నేను, గియ్యమన్నోడు వేరే. యల్లా, నడువ్, కారెక్కు."

గవ్వలు కూడా తీసుకోలేదు.

తర్వాత ఆ కొత్త రోడ్డు మీదే వెళ్లాం. ముసలాయన తోట గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. మా కారును గుర్తుపట్టాడు... చెయ్యెత్తలేదు. బాపు ఏసీ పెంచాడు.

ఇప్పటికీ చుట్టాలొస్తే "నేనూ నా బిడ్డా బహ్రెయిన్ల తిరగని పాతిల్లు లేదు" అని మురిసిపోతాడు. చాయ్ కప్పులు తీసే నెపంతో నేను లేచిపోతాను.

పాతిళ్ల ఫొటోలకు ఇప్పుడు లైకులే లైకులు... కొలతలు పట్టినవాళ్ల సంగతి ఎవరూ రాయరు.

మీ చిన్నప్పటి ఆటల్లో, ఆట కాదని పెద్దయ్యాక తెలిసినవి ఉన్నాయా? ఉంటే కింద రాయండి... టేపు రెండో కొస పట్టుకున్నది నేనొక్కదాన్నే కాదని తెలిస్తే చాలు.