కుడిచేయి చీటీకి, ఎడమచేయి మీటకి

పోయిన నెలలో కళ్లు చూపించుకోవడానికి తిరుపతి వెళ్లాను. నేను వెళ్లిన ఆసుపత్రిలో ఇప్పుడు చీటీ రాసిచ్చే మనిషి లేడు. గుమ్మం పక్కనే నిలువెత్తు తెర ఒకటి పెట్టారు. దాని మీద వేలు పెట్టి మన సంగతి చెప్పుకుంటే టోకెన్ ఇస్తుంది. నా ముందు నిలబడినాయన నాకంటే పెద్దవాడు. పంచె, భుజాన తువ్వాలు. ఆయన తెర మీది బొత్తాం నొక్కాడు. తెర ఉలకలేదు, పలకలేదు. కాసేపు చూసి మళ్లీ నొక్కాడు. ఇంకాసేపు చూసి, వేలు తువ్వాలుకు తుడుచుకుని, దేవుడి పటానికి దణ్ణం పెట్టినంత భక్తిగా మళ్లీ నొక్కాడు. అప్పుడు కింది సందులోంచి టోకెన్లు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. పక్కన నిలబడ్డ ఉద్యోగి వచ్చి, ఒకసారి నొక్కితే చాలని తెలియదా తాతా, ఊరికే గెలకొద్దు అని కసిరాడు. నాకు ఒళ్లు మండింది. "నొక్కింది దానికి తెలిసిందని ఈయనకు ఎట్ల తెలస్తాదప్పా? ఆ తెర ఒక్క మాటన్నా చెప్పిందా?" అని అడిగాను. ఆ ఉద్యోగి నన్ను ఎగాదిగా చూసి, మీకు కన్ను కదా సార్, టోకెన్ తీసుకుని ఆ పక్క కూర్చోండి అన్నాడు. కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ మా బావే గుర్తొచ్చాడు.

బావ సంగతి చెప్పేముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. చిత్తూరులో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే అంగడి నడిపాను. రేడియోలు మూలబడ్డాక చేతులు ఊరుకోక కంప్యూటర్లు విప్పడం మొదలుపెట్టాను. విప్పడం అయ్యాక వాటికి ప్రోగ్రాములు రాయాలని ఆశ పుట్టింది. దిండంత లావున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి పాతది కొని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. మొదటి అధ్యాయంలో తెర మీద ఒక కిటికీ, కిటికీలో ఒక బొత్తాం, నొక్కితే నమస్కారం చెబుతుంది. అది పనిచేసిన రోజు వీధిలో వాళ్లనందరినీ పిలిచి చూపించాను. ఎదురింటామె కాసేపు చూసి, దీనికి మనం తిరిగి నమస్కారం పెట్టాల్నా అని అడిగింది. పుస్తకాల్లో బొత్తాం నొక్కగానే పలుకుతుంది. దానికి నిజమైన పని, ఆలస్యమయ్యే పని అప్పగిస్తే ఏమవుతుందో ఆ లావు పుస్తకం రాసిన పెద్దమనిషి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

మా అక్కను పలమనేరు దగ్గరి పల్లెలో ఇచ్చారు. బావ అక్కడి పాలకేంద్రంలో చీటీలిచ్చే పని చేసేవాడు. ఆ ఊళ్లో తెల్లవారేసరికి చలి ఎముకల్లో దిగుతుంది. ఆడవాళ్లు కొంగు తలచుట్టూ బిగించి, మగవాళ్లు మఫ్లర్లు కట్టుకుని క్యాన్లు తెచ్చి వరసలో పెట్టేవాళ్లు. వరసలో నిలబడేది మనుషులు కాదు, క్యాన్లే. క్యాను పెట్టేస్తే మనిషి వచ్చినట్టే లెక్క. ఆ మనిషి పోయి టీ తాగొచ్చు, మంట దగ్గర చేతులు కాచుకోవచ్చు, కోడళ్ల మీద చాడీలు చెప్పుకోవచ్చు. పాలు కొలిచాక ఒక చిన్న సీసాలో కొంచెం పట్టి లోపలి గదికి పంపుతారు. అక్కడ ఒకామె ఆ పాలను వెన్న శాతం చూసే యంత్రంలో పెడుతుంది. యంత్రం గుర్రుమని కాసేపు తిరిగి లెక్క తేలుస్తుంది. ఆ లెక్క తీగ వెంట బావ ముందున్న కంప్యూటర్‌లోకి వస్తుంది. బావ ఆ లెక్క, పాలకు రావాల్సిన డబ్బు అచ్చైన చీటీ చింపి, పేరు పెట్టి పిలిచి ఇస్తాడు. పిలుపులో ఆయనకొక పద్ధతి ఉండేది. అత్తగారు చచ్చిపోయిన కోడలిని కొంచెం మెత్తగా, కొత్త ఆవును కొన్నవాణ్ణి కొంచెం గట్టిగా పిలిచేవాడు. పచ్చి పాల వాసన, తడి గోనెసంచుల వాసన, మధ్యలో బావ గొంతు. కేంద్రమంటే నాకు అదే.

ఆ కంప్యూటర్‌కు ప్రోగ్రాము నేనే రాసిచ్చాను. నేను అడగలేదు. మా బామ్మర్ది ఉండాడు, గడియారం లోపలికి దూరి బయటికి వచ్చే రకం అని బావే కేంద్రం అధ్యక్షుడికి మాట ఇచ్చేశాడు. పాలు పోసినవాళ్ల నంబరు కొట్టి, మౌసుతో బొత్తాం నొక్కితే చీటీ వచ్చేట్టు రాశాను. ఒక సంవత్సరం బాగానే జరిగింది. ఆ తర్వాత బావ కుడిచేయి వణకడం మొదలుపెట్టింది. మొదట బొటనవేలు, తర్వాత మణికట్టు. అన్నం ముద్ద నోటి దగ్గరికి పోయేలోగా సగం విస్తట్లోనే రాలేది. కేంద్రంలో ఒకే క్యానుకు రెండేసి, మూడేసి చీటీలు రావడం మొదలైంది. అధ్యక్షుడు చెడ్డవాడు కాదు. పదిమందికీ జవాబు చెప్పాల్సిన మనిషి. ఒకరోజు బావను పక్కకు పిలిచి, "మనిషి మంచోడివే అప్పా, చేయి చెప్పినమాట ఇనలేదు. నెలాఖరు దాకా సూస్తాము" అన్నాడట.

బావ ఈ మాట ఇంట్లో చెప్పలేదు. పాలు పోసే ఆడవాళ్ల ద్వారా అక్కకు తెలిసింది. ఆమె పొద్దున బస్సెక్కి నేరుగా నా అంగడికి వచ్చింది. ఇచ్చిన నీళ్లు కూడా తాగకుండా స్టూలు మీద కూర్చుంది. "ఆయన్ని ఆ కుర్చీలోనుంచి లేపినారంటే మంచమెక్కతాడురా. ఇంట్లో ఎవుర్ని పిలస్తాడు చెప్పు, నన్నొక్కదాన్నే గదా" అంది. మళ్లీ, "ఆ పెట్టె నువ్వు చేసిందే గదా. దానికేమన్నా బుద్ధి చెప్పు" అంది. చేతికి బుద్ధి చెప్పమనలేదు, పెట్టెకు చెప్పమంది. ఆ తేడా నాకు అప్పుడే నచ్చింది.

అంగడిలో అదే ప్రోగ్రాము నడిపి చూశాను. బొత్తాం నొక్కగానే అది యంత్రం నుంచి వెన్న లెక్క కోసం ఎదురుచూస్తుంది. లెక్క వచ్చేదాకా కిటికీ మొత్తం తెల్లబోయి, శవంలా బిగుసుకుపోతుంది. అప్పుడు ఎన్నిసార్లు నొక్కినా పలకదు. కాని నొక్కుళ్లన్నీ లోపలెక్కడో పోగుపడతాయి. లెక్క రాగానే కిటికీ కళ్లు తెరిచి, పోగుపడ్డ నొక్కుళ్లన్నిటికీ వరసగా చీటీలిస్తుంది. ఇంత చిన్న విషయమా అని, నొక్కగానే బొత్తాన్ని పనిచేయకుండా బూడిదరంగు చేసే వాక్యం ఒకటి పైన రాశాను. అది బూడిదరంగుకు మారనే లేదు. రంగు మార్చుకోవడానికి కూడా కిటికీకి తీరిక దొరకాలి కదా! ఇంటర్నెట్‌లో పెద్దపెద్దవాళ్లు జవాబులు చెప్పే చోట, నిఘంటువు చూసి చూసి నా కష్టం రాశాను. ఇది ముందే ఎవరో అడిగారు, వెతుక్కోకుండా మా టైము వృథా చేయకు అని తలుపు మూసేశారు. ముందు అడిగినవాడికైనా సరిగ్గా చెప్పారా అంటే, వాడికీ అదే మాట చెప్పారు. నేను అంగడిలో ఏ రోజూ రేడియో తెచ్చినవాణ్ణి, ఇది ముందే ఎవరిదో పాడైంది, పో అనలేదు.

ఆ కోపంతోనే బస్సెక్కి పలమనేరు వైపు వెళ్లాను. మర్నాడు పొద్దున కేంద్రంలో గోడకానుకొని కూర్చుని క్యాన్ల వరసను చూస్తూ ఉన్నాను. వెన్న లెక్క తేలేదాకా ఎవ్వరూ పాలు కొలిచే అరుగును పట్టుకుని నిలబడరు. సీసా లోపలికి పోగానే క్యాను పక్కకు జరుగుతుంది, వెనకది ముందుకొస్తుంది. లోపలి ఆవిడ కూడా బయటికి వచ్చి బావ బల్లమీద చేయి పెట్టదు. నా ప్రోగ్రాములో అలా లేదు. అందులో అరుగు దగ్గరి మనిషే సీసా పట్టుకుని లోపలికి పోయి, యంత్రం తిరిగినంతసేపూ దాని ముందు కూర్చుని వస్తున్నాడు. అందుకే అరుగు దగ్గర ఎవరు పిలిచినా పలికే దిక్కు లేదు.

రాసింది మార్చాను. ఎదురుచూసే పనిని కిటికీ నుంచి తీసేసి, ప్రోగ్రాములోనే పక్కన విడిగా నడిచే, పుస్తకాల్లో దారం అనే పనివాణ్ణి ఒకణ్ణి పెట్టి దానికి ఇచ్చాను. మొదట ఆ దారమే వచ్చి తెర మీద లెక్క రాసేట్టు పెట్టాను. ప్రోగ్రాము రెండుసార్లు కుప్పకూలింది. లోపలి ఆవిడ బయటి బల్ల ముట్టుకోకూడదన్న సంగతి అప్పుడు బుర్రకెక్కింది. దారం లెక్కను ఒక చోట పెట్టాలి, కిటికీ మధ్యమధ్యలో తొంగిచూసి తనే తీసుకోవాలి. ఆ తర్వాత ఏ తంటా లేదు. నొక్కగానే బొత్తాం బూడిదరంగులోకి మారి, కొంచెం ఆగు అని చెబుతుంది.

అయినా మూడోరోజు మళ్లీ ఒక క్యానుకు రెండు చీటీలు వచ్చాయి. నెలాఖరు దగ్గరపడింది. అధ్యక్షుడు ఆ రెండో చీటీని తెచ్చి నా ముందు పెట్టిపోయాడు. నేను బావ వెనక కుర్చీ వేసుకుని ఆయన చేతుల్ని చూశాను. ఆయన కుడిచేత్తో మౌసు నొక్కుతాడు. చీటీ రాగానే మౌసు వదిలి, కుడిచేత్తోనే చింపి, కుడిచేత్తోనే ఇస్తాడు. తిరిగి ఆ చేయి మౌసు మీద వాలేటప్పుడు వణుకుతూ వాలుతుంది. వేలు టకటకమని కొట్టుకుంటుంది. అప్పటికి బొత్తాం మళ్లీ పనికి సిద్ధంగా ఉంటుంది. ఎడమచేయి మాత్రం ఒళ్లో రాయిలా కదలకుండా ఉంది.

"బావా, చీటీ ఎడమచేత్తో ఇచ్చేయి. కుడిచేయి మౌసు మీదే ఉంచు" అన్నాను.

బావ నా వైపు తిరిగి చూశాడు. ఆయన కోపంగా చూడటం నేను ఎరిగి అదొక్కసారే. "చలిలో లేచి పాలు పిండుకొచ్చినోళ్లకు ఎడమచేత్తో ఇస్తారా? నీకు లేకపోతే పోయె, నాకు మర్యాద ఉండాది" అన్నాడు.

మర్యాద ఆయన వదలడు, వదలమని అడగడం కూడా నాదే తెలివితక్కువ. వదలాల్సింది మౌసు. మధ్యాహ్నం పలమనేరు పోయి, అంకెలు, ఎంటరు మాత్రమే ఉన్న చిన్న కీబోర్డు ఒకటి తెచ్చాను. మౌసు తీగ పీకేసి, ఆ చిన్నదాన్ని బావ ఎడమచేతి కింద పెట్టాను. నంబరు కొట్టి ఎంటరు నొక్కితే చాలు. అదీ ఒకసారికి కుదరలేదు. బొత్తాం బూడిదరంగులోకి మారినప్పుడు, తర్వాత కొట్టిన అంకెలు ఎటుపోతున్నాయో తెలియకుండా పోయాయి. ప్రతి చీటీ తర్వాత, అంకె పడే చోటు చూపించే గీత మినుకుమినుకుమంటూ మళ్లీ నంబరు గడిలోకే వచ్చి నిలబడేట్టు రాశాక దారిలో పడింది. కుడిచేయి చీటీకి, ఎడమచేయి మీటకి అని బావకు చెప్పాను. ఆయన ఆ రెండు చేతుల్నీ ముందు పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు.

నెలాఖరు రోజు పొద్దున అధ్యక్షుడు శాలువా కప్పుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క ఆ రోజు క్యాను తనే తెచ్చి వరసలో పెట్టింది, పాలు పోసే వంక మీద. బావ ఎడమచేయి నిదానంగా అంకెలు కొట్టింది. కుడిచేయి వణుకుతూనే చీటీ చింపింది, వణుకుతూనే చాచింది. చీటీ గాలిలో ఆకులా ఊగేది. పుచ్చుకునేవాళ్లు తొందరపడకుండా తమ చేతిని దాని కింద పట్టేవాళ్లు. ఒక్కో క్యానుకు ఒక్కో చీటీ. వరస సగం అయ్యేసరికి ఒక ముసలమ్మ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది మామా, ఒగటేనా? అలవాటు చేసి మానిపిస్తే ఎట్ల?" అంది. అందరూ నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. వరస చివరిదాకా నిలబడి చూశాడు. చివరి క్యాను జరిగాక లోపలికొచ్చి, బావ పక్క గోడకున్న కిటికీ రెక్క చూపించి, "దీన్ని రేపట్నుంచి మూసి పెట్టండప్పా. ఈదరగాలి నేరుగా ఈయన మీదికే కొడతా ఉండాది" అన్నాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, ఖాళీ క్యాను తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం నాకు సంగటి, కోడిపులుసు పెట్టింది.

బావ ఆ కుర్చీలో ఆ తర్వాత చాలాకాలం కూర్చున్నాడు. గొంతు కూడా వణకడం మొదలయ్యాక తనే లేచి వచ్చేశాడు. ఇప్పుడు బావ లేడు. కేంద్రంలో ఫోన్లకే లెక్కలు పోతున్నాయట, పేరు పెట్టి పిలిచే అవసరం ఎవరికీ లేదు. పాత సామాను పారేస్తుంటే ఆ చిన్న కీబోర్డు అడిగి తెచ్చుకున్నాను. ఎంటరు మీట మీది గుర్తు పూర్తిగా అరిగిపోయింది.

తిరుపతి ఆసుపత్రిలో నా పేరు పిలవలేదు, నంబరు వెలిగింది. లోపలికి పోతూ ఆ పంచె పెద్దాయన దగ్గర ఆగి, తప్పు నీది కాదన్నా అని చెప్పాను. ఆయన తన దగ్గర మిగిలిన టోకెన్లలో ఒకటి నాకిచ్చి, ఉంచుకోప్పా, పనికొస్తాదేమో అన్నాడు. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఒక్కో పేరా ముగిసినప్పుడు ఎడమచేత్తోనే ఎంటరు నొక్కుతున్నాను. కుడిచేయి మాత్రం బల్ల మీద ఖాళీగా ఉంది. చీటీ పుచ్చుకునేవాళ్లు ఎవరూ లేకపోయినా, ఇచ్చే చేయిని ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవాలన్న తన పద్ధతిని బావ నా దగ్గరే మరిచిపోయి వెళ్లినట్టుంది.