నమలని ముద్ద

బెంగళూరు ఆసుపత్రిలో తిండి సంగతులు చెప్పే అమ్మాయి నా ముందు ఒక ఇడ్లీ పెట్టింది. గోరంత ముక్క తుంచుకుని ముప్పై సార్లు నమిలి మింగమంది. నోట్లో వేసుకున్నాను. ఆమె గడియారం చూసేలోపే అది గొంతు దాటిపోయింది. "నిధానవాగి అగిదు తిన్ని, సార్," అని కన్నడంలో చెప్పి, నెమ్మదిగా నమలడం ఎలాగో తన దవడ ఆడించి చూపించింది. రెండో ముక్కను నాలుగు సార్లు నమిలాను, మూడోదాన్ని మూడు సార్లు. పక్కన కూర్చున్న నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. కూతురు వయసు పిల్ల ముందు అన్నం తినడం రానివాణ్ణయ్యానని.

అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు, నూట నలభై ఎనిమిది కిలోలు. చింతామణిలో టమాటా మండీ ఉంది. సుగర్ ఉంది, మోకాళ్లు రెండూ పోయాయి, పడుకుంటే ఊపిరి ఆగి ఆగి వచ్చేది. కడుపు కోసి చిన్నది చేయకపోతే గుండె ఎక్కువ రోజులు లాగదని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. కోశాక మిగిలేది అరటిపండంత సంచి. నమలని ముక్క ఒక్కటి దిగినా అందులో ఇరుక్కుంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు నుంచే నమలడం అలవాటు చేసుకోవాలి, చివరి రెండు వారాలు పలచటివి మాత్రమే తాగి ఉండాలి. అది చేతకాకపోతే తాను కత్తి పట్టనన్నాడు.

నమలడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనా అని మీరు నవ్వొచ్చు. మా వైపు పుట్టినవాడికి విద్యే. రాగిముద్దను మేము నమలం. ఇంత తుంచి, పులుసులో దొర్లించి, నాలుక మీద పెట్టుకుని గుటుక్కున మింగేస్తాం. నమిలితే పళ్లకు బంకలా పట్టుకుంటుంది. నమిలేవాణ్ణి చూస్తే "యా ఊరోడప్పా వీడు" అని పంక్తి మొత్తం తలలు తిప్పి చూస్తుంది.

బాగేపల్లి దగ్గర మా పల్లెలో ఈ విద్య నేర్పింది మా నాయన. నాకు ఆరేళ్లప్పుడు. దవడ కదిలిందంటే మెడ మీద దెబ్బ పడేది. ఒకరోజు ముద్దను బుగ్గన దాచుకుని, ఆయన అటు తిరిగినప్పుడల్లా నములుతున్నాను. కనిపెట్టేశాడు. నన్ను వెల్లకిలా పడేసి, నా చేతుల మీద మోకాళ్లు ఆనించి, దవడ రెండు వైపులా నొక్కి నోరు తెరిపించాడు. నిమ్మకాయంత ముద్దను రెండు వేళ్లతో గొంతు దాకా తోశాడు. ఊపిరి ఆడలేదు. కాళ్లు కొట్టుకున్నాను. ఊగుతున్న పాలపన్ను ఒకటి ఆ ముద్దతో పాటే లోపలికి పోయింది. నోరంతా నెత్తురు. మా అమ్మ గరిటె పట్టుకుని పొయ్యి వైపే చూస్తూ నిలబడింది.

"మింగినాడు సూడు," అన్నాడు నాయన ఆమెతో, సంబరంగా.

ఆ తర్వాత నేను నమలలేదు. ముద్దనే కాదు, అన్నాన్నీ, దోసెనూ, మాంసాన్నీ మింగడమే. పద్నాలుగేళ్లకు గుక్క తిప్పుకోకుండా ఆరు ముద్దలు మింగేవాణ్ణి. పెళ్లిళ్లలో నాయన నా వీపు చరిచి నలుగురికీ చూపించేవాడు. ఆ చరుపు కోసం ఏడోది కూడా మింగేవాణ్ణి. నూట నలభై ఎనిమిది కిలోలు ఒక్కరోజులో రాలేదు.

ఆసుపత్రి నుంచి వస్తూ మండికల్‌లో అత్తగారింట్లో పని ఉండి చిక్కబళ్ళాపురం మీదుగా వచ్చాం. అక్కడి అంగట్లో నా భార్య రెండు చిన్న తట్టలు, అదే స్టీలు కంచాలు, పసిపిల్లలకు పెట్టే చెంచా కొంది. ఇంట్లో అభ్యాసం మొదలైంది. నేను చెంచాతో ఇంత పెట్టుకుంటాను, ఆమె ఎదురుగా కూర్చుని వేళ్ల మీద లెక్క పెడుతుంది. మా నాయన మాతోనే ఉంటాడు. డెబ్బై అయిదేళ్లు, ముందు పళ్లు రెండు తప్ప అన్నీ ఊడిపోయాయి. గోడకానుకుని తన ముద్ద తాను మింగుతూ మమ్మల్ని చూసేవాడు.

"పండ్లు లేని నేను మింగుతాండా. పండ్లుండే నువ్వు మేక మాదిరి నెమరేస్తాండావు. థూ!"

మొదటి రోజు పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. రెండో రోజూ ఊరుకున్నాను. ఆకలి, అవమానం రెండూ కలిస్తే మనిషి మనిషిలా ఉండడు. నేను మామూలుగానే కోపిష్ఠిని. మండీలో హమాలీల మీద చెయ్యి చేసుకున్నవాణ్ణి, ఇంట్లో గ్లాసులు విసిరినవాణ్ణి. నాలుగో రోజు ఆమె "పదహైదు, పదహారు" అంటోంది. నాయన కిసుక్కున నవ్వాడు. నా చేతిలోని స్టీలు తట్ట ఎగిరింది. గోడకు విసిరానని ఇప్పటికీ చెప్పుకోవాలనిపిస్తుంది. గోడకు విసరలేదు. లెక్కపెడుతున్న నోటి వైపే విసిరాను. అంచు ఆమె కనుబొమ్మను చీల్చింది. నెత్తురు కంట్లోకి, చెంప మీదికి, ముద్ద మీదికి కారింది. పదిహేడు అనబోయిన నోరు అలాగే తెరుచుకుని ఉంది.

మూడు కుట్లు పడ్డాయి. అల్మారా తగిలిందని నర్సుకు చెప్పింది. నేను ఆ మాటకు తల ఊపాను. ఇంటికి వస్తుంటే కారు అద్దంలోంచి బయటికి చూస్తూ అంది.

"కడుపు కోపిచ్చుకుంటాండావు, సరే. చేతి సంగతేమి? దాన్ని యాడ కోపిచ్చుకుంటావు?"

మర్నాటి నుంచి ఆమె తట్ట పెట్టి లోపలికి వెళ్లిపోయేది. లెక్క నేనే పెట్టుకోవాల్సి వచ్చింది.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మాను వంగడానికి మూడు వారాలు పట్టింది. ఎనిమిది దగ్గరో తొమ్మిది దగ్గరో గొంతు దానంతటదే లాగేసేది. ముప్పై దాకా నాలుక మీద నిలిపితే మెడ వెనక చర్మం బిగుసుకునేది. వెనక ఎవరూ ఉండరు, అయినా తిరిగి చూసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ముద్దను ముప్పై సార్లూ నమిలాను. పళ్లకు అతుక్కుంది, నిజమే. కానీ ఇరవై దాటాక తియ్యగా అయింది. పుట్టినప్పటి నుంచీ తింటున్న రాగుల రుచి నాకు అప్పుడే తెలిసింది. ఒంటరిగా కూర్చుని ఏడ్చాను. ఎవరి మీద కోపమో తేల్చుకోలేక మళ్లీ ఒక ముక్క పెట్టుకున్నాను.

ఆపరేషన్ ఇక రెండు వారాలు ఉందనగా పల్లెలో మా చిన్నాయన పొట్టేలు కోశాడు. "రేపట్నుంచి నీళ్లే గదప్పా వాడికి. కడాపటి ముద్ద మా ఇంట్లో తినిపోనీ" అని నాయనకు ఫోన్ చేశాడు. ఇలాంటి కడపటి విందులు వద్దనే ఆసుపత్రి వాళ్లు మరీ మరీ చెప్పారు. అయినా వెళ్లాను. నాలుగు ముక్కలు నమిలి తిని లేచేయొచ్చనుకున్నాను. నా భార్య రానంది.

ఇంటి వెనక చాపలు పరిచారు. నా ఆకులో మూడు ముద్దలు వేశారు. చుట్టూ పినతండ్రి కొడుకులు కూర్చుని, ఎన్ని మింగుతాడో చూద్దామని ఫోన్లు తీశారు. నేను గోరంత తుంచి నమలసాగాను. నాయన ముఖం నల్లబడింది. వాళ్లందరి ముందూ నన్నేమీ అనలేకపోయాడు. ఆయన పక్కనే మా తమ్ముడి కూతురు కూర్చుని ఉంది, అయిదేళ్ల పాప. నన్ను చూసి తానూ బుగ్గలు ఆడిస్తూ నములుతోంది. నన్ను చూసి నవ్వింది కూడా.

నా మీది కోపం దెబ్బై ఆ పాప మెడ మీద పడింది.

"మింగు!" అన్నాడు. పాప బిక్కచచ్చి నోరు మూసుకుంది. ఆయన చెయ్యి దాని దవడలు పట్టింది. అదే పట్టు. ముద్ద తుంచి రెండు వేళ్లతో లోపలికి తోశాడు. పాప కాళ్లు ఆకును తన్నాయి.

నూట నలభై కిలోలు దాటిన మనిషి అంత వేగంగా లేవగలడని నాకు తెలియదు. నాయన రొమ్ము మీద రెండు చేతులతో నెట్టాను. ఒక్కసారి నెడితే చాలేది. ఆయన పాపను వదిలేశాక కూడా మళ్లీ నెట్టాను. ఆ రెండో నెట్టుకే ఆయన పక్కకు ఒరిగి పడ్డాడు, ముఖం పక్కనున్న రోటి అంచుకు కొట్టుకుంది. పెదవి చీలింది, ఉన్న రెండు పళ్లలో ఒకటి చాప మీద పడింది. పాప ముద్దను కక్కేసి కెవ్వుమంది. "పెద్దాయన్ని కొడ్తావా, నీ..." అంటూ తమ్ముళ్లు మీద పడ్డారు. వీపున తన్నారు, చొక్కా చింపారు, ఎవడో చెంబుతో చెవి మీద కొట్టాడు. నేను తిరిగి కొట్టలేదు. మంచితనం కాదు, చాప మీద పడిన ఆ పన్ను మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

బాగేపల్లిలో నాయన పెదవికి అయిదు కుట్లు వేశారు. చింతామణి దాకా ఆయన తువ్వాలు నోటికి అదుముకుని నా పక్క సీట్లోనే కూర్చున్నాడు. నేను క్షమాపణ అడగలేదు. సిగ్గు మాత్రం ఒళ్లంతా పాకింది. పాపను విడిపించినందుకు కాదు. రెండోసారి నెట్టినప్పుడు నాకు హాయిగా అనిపించినందుకు.

మర్నాడు పొద్దున ఇద్దరికీ నీళ్ల మజ్జిగే. నాకు డాక్టరు చెప్పినందుకు, ఆయనకు కుట్లు పడినందుకు. గోడకానుకుని పక్కపక్కన కూర్చున్నాం. నా భార్య రెండు గ్లాసులు తెచ్చింది. పల్లెలో జరిగిందంతా ఎవరో ఫోన్‌లో చెప్పే ఉంటారు. పాపను కాపాడినవాణ్ణని నాలో ఒక మూల కొంచెం గర్వం కూడా ఉంది. ఆయన గ్లాసు ఆయనకు ఇచ్చి, నా వైపు వంగింది. గ్లాసు అందుకుందామని చెయ్యి చాపాను.

ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ముఖం పక్కకు తిప్పేసింది. గ్లాసులో మజ్జిగ తొణికి నా చేతి మీద పడింది.

నాయన చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె కళ్లు తెరిచేదాకా కదలకూడదనుకుని లోపల లెక్కపెట్టాను. పదకొండు దగ్గర తెరిచింది. గ్లాసు నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది.

ఆపరేషన్‌కు ఇంకా పదమూడు రోజులు ఉన్నాయి.