పెళ్లి సీనుకి రెండొందల మంది

కొత్తగా టీం లీడ్ అయిన ఆ రోజుల్లో నా కాళ్లు నేల మీద ఆనేవి కావు. ఫిల్మ్‌నగర్‌లో ఓ పాత బంగళా పై అంతస్తులో మా ఆఫీసు. షూటింగుకి ఎవరు, ఎన్నింటికి, ఎక్కడికి రావాలో వాళ్ల ఫోన్లకి కబురు పంపే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లం. నాలుగేళ్లు మూల సీట్లో తల వంచుకుని కోడ్ రాసుకున్న నన్ను మా సారు పిలిచి, "రేపట్నించి ఆ నలుగురినీ నువ్వే చూసుకోవాలమ్మా" అనగానే మెట్ల మీదికి పరిగెత్తి కాకినాడలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, నా కింద ఏకంగా నలుగురు!" అన్నాను. "అయితే ఇక నువ్వేం పని చెయ్యక్కర్లేదా?" అంది అమ్మ. (ఆ ప్రశ్నకి జవాబు నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.)

ఆ నలుగురిలో ఒకాయన నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. బోరబండ నుంచి వచ్చేవాడు, ఆఫీసులో అందరికీ అన్న. నాకు పని నేర్పిందీ ఆయనే. "నాకీ మీటింగులు గిట్ల వద్దు సారూ, నా పని నన్ను చేసుకోనియ్యుండ్రి" అని వద్దన్నాడు కాబట్టే పదవి నాదాకా వచ్చింది. అలాంటి మనిషి రాసినదాన్ని కూడా నేను రోజూ సాయంత్రం, ఆయన ఇంటికి వెళ్లాక, తెరిచి దిద్దేదాన్ని. లీడ్ అంటే అందరికంటే బాగా కోడ్ రాసే మనిషని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ఇంతలో ఒక సినిమా కంపెనీ వాళ్లు మా సాఫ్ట్‌వేర్ చూస్తామన్నారు. "ఇది కుదిరితే నీ పదవి ఖాయం, లేదంటే మళ్లీ మూల సీటే" అన్నారు సారు, నవ్వుతూనే. ముందురోజు సాయంత్రం అన్న కోడ్‌లో నాలుగు లైన్లు నాకు అనవసరంగా కనిపించాయి. ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. కానీ లీడ్ అయ్యుండి అడగడమేమిటి? తీసేశాను. వెంగళరావు నగర్‌లో నా హాస్టల్‌కి వెళ్లి, మర్నాడు ఏ చుడీదార్ వేసుకోవాలా అని తెగ ఆలోచించాను.

మర్నాడు సారుతో పాటు మా టీం అంతా వెళ్లేసరికి వాళ్ల ఆఫీసులో పండగ వాతావరణం. ముప్పై ఏళ్లుగా డైరీ చేతిలో, ఫోన్ చెవికి పెట్టుకుని షూటింగులు నడిపిన ప్రొడక్షన్ మేనేజర్ గారు లాప్‌టాప్‌కి కుంకుమబొట్టు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, "పదకొండూ ఇరవైకి నొక్కుదామండీ, ఘడియ బాగుంది" అన్నారు. ఆయన షూటింగులకి పిలిచే వాళ్లందరి నంబర్లూ అప్పటికే అందులో ఎక్కించి ఉన్నాయి. "ఇది ట్రయలేనండీ, ఎవరికీ వెళ్లదు" అన్నాను ధీమాగా. 'రేపు పొద్దున ఆరింటికి పెళ్లి సీను, అందరూ రావాలి' అని టైపు చేయించి, గడియారం చూసుకుని ఆయన బటన్ నొక్కారు. ఒకాయన షూటింగు క్లాప్‌బోర్డు తెచ్చి క్లాప్ కూడా కొట్టాడు. మా చప్పట్లు ఆగకముందే మేనేజర్ గారి ఫోన్ మోగింది. వెంటనే రెండో ఫోన్. జూనియర్ ఆర్టిస్టులు, సన్నాయి మేళం, మేకప్ వాళ్లు, వంటవాళ్లు! ఒకాయన గొంతు గది మొత్తానికీ వినిపించింది: "సార్, గుర్రం ఒకటి తేవాల్నా, రెండా?"

ట్రయల్ కబురు బయటికి పోకుండా ఆపేవి ఆ నాలుగు లైన్లే.

"ఈ భాగం రాసిందెవరు?" అన్నారు సారు. అది అన్న పని అని మా అందరికీ తెలుసు. అందరూ ఆయన వైపే చూశారు. ఆయన స్క్రీన్ చూసి, ఏం పోయిందో గ్రహించి, నోరు విప్పకుండా కూర్చున్నాడు. ఓ అరనిమిషం నేనూ విప్పలేదు. మూల సీటు కళ్లముందు కదిలింది. ఆ తర్వాత ఎక్కడినుంచి వచ్చిందో నా గొంతు: "నేనేనండీ. అన్న సరిగ్గానే రాశాడు. అడక్కుండా నేనే తీసేశాను."

అని లాప్‌టాప్ మీదికి ఉరకబోయాను. అన్న దాన్ని తనవైపు లాక్కున్నాడు. "జర ఆగుండ్రి మేడం. రద్దయిందని నేను పంపుత. మీరు ఫోన్లు ఎత్తుండ్రి."

ఎత్తాను. గంటన్నరపాటు సన్నాయి వాళ్లకి, వంటవాళ్లకి, గుర్రం ఆయనకి (రెండు సార్లు) క్షమాపణలు చెప్పాను. ఒక్క అక్షరం కోడ్ రాయలేదు, అయినా అంత పని నేను ముందెప్పుడూ చేసి ఎరగను. చివరికి మేనేజర్ గారు డైరీ మూసి, "నేను రోజంతా మొత్తుకున్నా సగంమంది ఫోన్ ఎత్తరండీ. పది నిమిషాల్లో రెండొందల మంది లైన్లోకొచ్చారు! పెట్టేద్దాం ఇది" అన్నారు. నేను ఎగిరి గంతేశాను, నిజంగానే, అందరి ముందూ.

ఇప్పుడు నా టీం పెద్దదైంది. గుర్రం సంగతి ప్రతి పార్టీలోనూ ఎవరో ఒకరు చెబుతారు, అన్న అందరికంటే గట్టిగా నవ్వుతాడు. ఆ అరనిమిషం ఊసు మాత్రం ఇంతవరకు ఎత్తలేదు. ఒక్కసారి ఎత్తితే బాగుండు, నేనూ నవ్వేసి ఊరుకుందును.