ఎరువు తెచ్చిన పౌడరు డబ్బాలు

గుణదలలో కొవ్వొత్తులు పోసి అమ్ముకునే సొలొమోను పోయాక కొట్టు అతని భార్య శౌరమ్మ మీద పడింది. అమ్మకపు పన్ను రిజిస్ట్రేషను ఆమె పేరు మీదికి మారితే తప్ప మైనం పంపనని షావుకారు చెప్పేశాడు. ఆమె దరఖాస్తు పెట్టుకుంది. కొట్టు చూడటానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది.

పెళ్ళిచూపులకు కుర్చీలు ఎరువు తెచ్చుకున్నట్టు, పక్క ఫ్యాన్సీ షాపు బేగం బీని అడిగి పౌడరు డబ్బాలు, నూనె సీసాలు తెచ్చి అలమర నిండా పేర్చింది శౌరమ్మ. సొలొమోను పోసిన కొవ్వొత్తులు వాటి పక్కన వంకరగా, వెలవెలబోతూ కనిపించాయి. వాటిని కిందికి తోసి గోనెపట్టా కప్పేసింది.

"కొట్టు నిండుగానే ఉందే! ఈ డబ్బాలు కొన్న బిల్లులు చూపించండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

శౌరమ్మ గల్లాపెట్టె తెరిచి లేని బిల్లుల కోసం వెతకసాగింది. అంతలో పక్క కొట్లోంచి బేగం బీ కేకేసింది.

"అక్కా! మా పౌడరు డబ్బా ఒకటి ఇలా అందించు, బేరమొచ్చింది. మిగతావి మీ ఆఫీసరు వెళ్ళాక సర్దుకుందాంలే!"

ఇన్‌స్పెక్టరుకు నవ్వాగలేదు. "మరి మీ సరుకేదమ్మా?"

శౌరమ్మ తలొంచుకుని గోనె తీసింది. "ఇవేనండీ. మా ఆయన పోసినవి."

"ఇంత మంచి సరుకు దాచిపెట్టారేంటి? చిన్న కొట్టయితే రిజిస్ట్రేషను ఇవ్వరనుకున్నారా? ఇది చాలమ్మా, రాసి పంపిస్తాను," అని అతను వెళ్ళిపోయాడు.

పని అయింది. కానీ శౌరమ్మకు ఆ సంతోషం దక్కలేదు. కొవ్వొత్తులను పమిట చెంగుతో తుడిచి ముందు వరసలో నిలబెడుతున్నంతసేపూ, గోడ మీది సొలొమోను ఫోటో వైపు తలెత్తి చూడలేకపోయింది.