తలుపు వెనక నిలబెట్టిన మాట

మింగలేక, కక్కలేక ఇన్నేళ్ళు ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరిగాను. హోసూరు పక్కన మూకండపల్లిలో కాపురం పెట్టాను, పిల్లల్ని పెంచాను, నీళ్ళ కోసం వీధిలో అందరితోనూ పోట్లాడాను. అది మాత్రం కదల్లేదు. మీరు నన్ను ఎరగరు. ఎరగని వాళ్ళకు చెప్పడమే నాకు చేతనవుతుంది.

ముందు నా స్వభావం చెప్పాలి. నేను మరిచిపోను. మేలు మరిచిపోతానేమో, అవమానం మాత్రం మరిచిపోను. మా మేనత్త కూతురి పెళ్ళిలో నా ఆకు దాటిపోయి పక్కవాళ్ళకు ఒబ్బట్టు వేసినవాడి ముఖం ఈ రోజుకీ గుర్తుపట్టగలను. మా ఆయన నవ్వుతాడు. నీ దగ్గర తప్పు చేసినవాడికి ఏ జన్మలోనూ విడుదల లేదంటాడు. ఆ మాట వేరే ఎవరికో తగలాలని ఆయన అంటాడు. నాకే తగులుతుందని ఆయనకు తెలియదు.

తొంభైల చివర్లో, మేమింకా సూళగిరి దగ్గర మా పల్లెలో ఉండగా, నందిని అనే ఆమె వచ్చింది. ఉత్తరాది మనిషి. మనుషులు ఎట్లా బతుకుతారో చదివే చదువు ఆమెది. మానవశాస్త్రం అంటారని తర్వాత తెలిసింది. మా వీధిలోనే ఒక గది తీసుకుంది. తెలుగు రాదు, తమిళం రాదు. నేను కృష్ణగిరిలో బి.ఎ. ముగించి ఇంట్లో ఉన్నాను. ఆమె ఇంగ్లీషును మావాళ్ళకూ, మావాళ్ళ తెలుగును ఆమెకూ చెప్పే పని నాది.

ఆమె జాతరల గురించీ దేవుళ్ళ గురించీ అడుగుతుందనుకున్నాను. అడగలేదు. సంగటి ఎవరు కెలుకుతారు, మొదటి ముద్ద ఎవరికి, చివరి ముద్ద ఎవరికి, చెప్పులు ఎక్కడ విడుస్తారు, కూలికి వచ్చినవాళ్ళు నీళ్ళు ఏ చెంబుతో తాగుతారు, ఇవీ ఆమె ప్రశ్నలు. రోజూ చేసే పనిలోనే మనిషి కనిపిస్తాడట, పండగరోజు అందరూ ఒకేలా ఉంటారట. మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత మా అమ్మ అందరూ తిన్నాక గోడవైపు తిరిగి తింటుందని ఆమె చెప్పేదాకా నేను చూడనే లేదని తెలిసి కోపం వచ్చింది. మా ఇంటి సంగతి బయటి మనిషి నాకు చెప్పడమేమిటి? అది మొదటిది. మనసులో పెట్టుకున్నాను.

రెండోది మునెమ్మ. గొర్రెలు కాసుకునే ఇల్లు వాళ్ళది, మా పొలం పక్కనే కాస్త చేను కూడా ఉంది. మొగుడు పోయాక మందనూ, కూతురు యశోదనూ, దాని చెల్లెల్నీ ఒక్కతే నెట్టుకొచ్చింది. నోరు పెద్దది. ఒకరోజు బోరింగు దగ్గర పదిమంది ఆడవాళ్ళ ముందు, “కాలేజీకి పోయి ఇంగిలీసు నేర్చుకొన్నాది, సంగటి మాత్రం ఉండలు కట్టకుండా కెలకను రాదు” అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంత మండిందో నాకు తెలుసు.

అటువంటి మునెమ్మ అంటే నందినికి ప్రాణం. రోజూ అక్కడికే వెళ్ళాలనేది. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకపోయినా గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. మధ్యలో నేను. మాటలు నా నోట్లోంచి పోయేవి, చూపులు మాత్రం వాళ్ళిద్దరి మధ్యే. నన్ను ఎవరు చూశారు? చెంబులో నీళ్ళు తాగినవాళ్ళు చెంబు వైపు చూస్తారా?

నందిని భర్త పోయాడు. పెళ్ళయిన కొద్ది కాలానికే, రోడ్డు ప్రమాదంలో. మునెమ్మ అడిగితే, ఆ జవాబు నేనే తెలుగులో చెప్పాను. మునెమ్మ ఆమె చేతిని తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత యశోదకు నెలలు నిండుతూ వచ్చాయి. పుట్టింట్లో శ్రీమంతం పెట్టుకున్నారు. మాలో ఆ రోజు ముత్తైదువలు వరసగా వచ్చి గాజులు తొడిగి, పసుపు పూసి, ఒళ్ళో బియ్యం, టెంకాయ పెడతారు. మొగుడు పోయిన ఆడది ముందుకు రాదు. కన్నతల్లి అయినా సరే, తలుపు వెనక నిలబడి వినాల్సిందే. ఎవరూ మెడపట్టి నెట్టరు. నెట్టాల్సిన అవసరం ఎవరికీ రాదు, అంతే.

ముందురోజు పొద్దున మునెమ్మ అరుగు మీద చింతపండు కొడుతూ, గింజలు తీస్తూ ఉంది. నందిని పక్కనే కూర్చుని తనకు చేతకాని పని తనూ చేస్తోంది. మునెమ్మ సుత్తి ఆపి నా వైపు తిరిగింది.

“పాపా, ఆయమ్మకు ఒక మాట చెప్పు. రేపు మా యశోదకు గాజులు తొడిగేది ఉండాది. ఆయమ్మ రావల్ల. వచ్చి ముందర కూర్చోవల్ల.”

“ముందరా?” అన్నాను.

“ముందరే. మొదటి గాజు ఆయమ్మే తొడగవల్ల. మొగుడు పోయినాడని ఆయమ్మ ఎనకాడుతుందేమో. మా ఇంట్లో అదంతా లేదని చెప్పు.”

“లేకుండా ఎట్లా మునెమ్మక్కా? మీ ఆడబిడ్డ ఒప్పుకొంటుందా?”

“అది ఒప్పుకోదు. అందుకే గదా ఆయమ్మను పిలిచేది.” నవ్వింది. “నేనొక్కదాన్నే ముందరికి పోతే పీక్కు తింటారు. అంత చదివిన మనిషి పక్కన ఉంటే ఎవురు నోరెత్తుతారు? ఆయమ్మ ఒక గాజు, నేనొక గాజు. నా బిడ్డకు నేను ఒక్క గాజు తొడగను రాదా పాపా? నువ్వు చెప్పు.”

ఆమె మళ్ళీ సుత్తి ఎత్తి, “చెప్పేసి పో తల్లీ, నీకు పనుంటుంది” అంది.

చెప్పేసి పో. నువ్వూ రా అనలేదు. వీధిలోకి ఎక్కడినుంచో వచ్చిన మనిషికి మొదటి గాజు, పక్క పొలం వాళ్ళ పిల్లకు కబురు మోసే పని. అప్పుడు నేను ఆలోచించానా? ఆలోచించలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ రెండు క్షణాల్లో బోరింగు దగ్గరి నవ్వులన్నీ విన్నాను.

నందినికి ఇంగ్లీషులో చెప్పాను. రేపు వాళ్ళింట్లో శ్రీమంతం అనీ, భర్త లేనివాళ్ళు ఆ రోజు ఎదురుపడకూడదనీ, నొచ్చుకోవద్దని మునెమ్మ అడుగుతోందనీ.

మునెమ్మ ఆమె ముఖంలోకి ఆశగా చూస్తోంది. నందిని ముఖం ఒక్కసారి తెల్లబోయింది. వెంటనే సర్దుకుంది. ఎవరి ఆచారాన్నీ తప్పుపట్టకూడదని ఆమె చదువు. మునెమ్మ వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, నవ్వి, నాకు అర్థమైందని ఆమెకు చెప్పు అంది.

నేను మునెమ్మకు చెప్పాను. “వస్తానంటాండాది.”

మునెమ్మ ముఖం విచ్చుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం మా అమ్మ నా పట్టులంగా తీసి గాలికి ఆరేస్తూ, రేపు మునెమ్మ ఇంటికి పోవాలంది. నాలుగు రోజుల కిందటే ఆడబిడ్డను వెంటబెట్టుకుని వచ్చి, ఆమె చేత పసుపు కుంకుమ ఇప్పించి పిలిచిపోయిందట. ఇంటి పెద్దావిడకు బొట్టు పెట్టి పిలిస్తే ఇల్లంతా పిలిచినట్టే. ఒక్కొక్కరినీ పిలిస్తే వేరు చేసినట్టవుతుంది. ఈ మాత్రం నాకు తెలియదా? పుట్టి పెరిగిన ఊరు. ఆచారాలన్నీ బయటి మనిషికి వివరించే నాకు, కోపం వచ్చిన ఆ క్షణంలో మా ఆచారమే గుర్తు రాలేదు.

నన్ను పిలిచిందన్నమాట. అవమానం జరగనే లేదు.

అప్పుడు వెళ్ళి ఉండవచ్చు. నందిని గది మా ఇంటినుంచి కేక వేస్తే వినిపించే దూరం. నేను తప్పుగా విన్నానక్కా అంటే సరిపోయేది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనేది కాదు. పొద్దున కోపంలో చేసింది వేరు. సాయంత్రం తెలిసి ఊరుకున్నది వేరు. మీకు ఒప్పుకుంటున్నది ఈ రెండోదే. ఎందుకు వెళ్ళలేదు? తప్పు విన్నానని ఒప్పుకోవడం నాకు చిన్నతనం అనిపించింది. అంతకన్నా పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

మర్నాడు వెళ్ళాను. మునెమ్మ కొత్త చీర కట్టుకుని లోపలి గుమ్మం దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది. యశోద పీట మీద కూర్చుంది. ఆమె పక్కన ఒక చాప ఖాళీగా వేసి ఉంది. ఆ చాప మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. రాహుకాలం వచ్చేస్తుందని, ఇంకెవరికోసమని ఆడవాళ్ళు సణిగారు. కొంతసేపటికి మునెమ్మ ఆడబిడ్డ వచ్చి ఆ చాప మీద కూర్చుని, నెమ్మదిగానే, “నువ్వు లోపలికి పో వదినా” అంది. మునెమ్మ వెళ్ళింది. తలుపు వెనక ఆమె చీర అంచు ఒకటి కనిపిస్తూ ఉంది. గాజుల చప్పుడు మొదలైంది. యశోద తల తిప్పి తలుపు వైపు చూసినప్పుడల్లా, కదలొద్దమ్మా అంటూ ఎవరో గడ్డం పట్టి ఇటు తిప్పారు.

నందిని ఆ పూటంతా గది తలుపు వేసుకునే ఉంది. సాయంత్రం నన్ను పిలిచి అంతా అడిగింది. తల్లి ఎక్కడ నిలబడింది? తలుపు వెనక. బాధపడిందా? లేదు, అది మాకు అలవాటు అన్నాను. ఆమె తల ఊపి రాసుకుంది.

ఆ తర్వాత ఇద్దరూ కలుసుకోవడం తగ్గిపోయింది. ఆయమ్మకు ఒంట్లో బాగాలేదా అని మునెమ్మ ఒక్కసారి అడిగింది. ఏమో అన్నాను. మా ఇంటి కూడు పడదేమో అనుకుంది. తనను చూస్తే వాళ్ళకు ఇబ్బందేమో అనుకుని నందిని ఆ వైపు వెళ్ళడం మానేసింది. వెళ్ళిపోయే రోజు ఇద్దరూ వీధికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు.

నా పెళ్ళయి మూకండపల్లికి వచ్చాక, కొన్నేళ్ళకు ఆమె రాసిన పుస్తకం అందింది. ముందుమాటలో నాకు కృతజ్ఞత. లోపల ఒకచోట, మందలు కాసుకునే ఇళ్ళలో విధవరాలైన తల్లి కూతురి శ్రీమంతంలో తలుపు వెనక నిలబడడాన్ని తానే మనస్ఫూర్తిగా అంగీకరిస్తుందని ఉంది. ఆ ఊళ్ళో ఒప్పుకోనిది మునెమ్మ ఒక్కతే. ఒప్పుకున్నదానికి ఉదాహరణగా ఆమెనే నిలబెట్టించాను. నేను అబద్ధం చెప్పలేదని వాదించుకున్నాను, ఊరి ఆచారం అదే కదా అని. ఊరి గురించి చెప్పింది నిజమే. మునెమ్మ గురించి చెప్పింది అబద్ధం. ఊరి నిజం వెనక ఒక మనిషిని దాచేయడం ఎంత సులువో!

ఆ పుస్తకం వచ్చిన ఏడాదే కృష్ణగిరి బస్టాండులో మునెమ్మ ఎదురైంది. మాంగాయల బుట్టతో కూర్చుని ఉంది. నా చేయి పట్టుకుని పిల్లల్ని అడిగింది, నందినిని కూడా అడిగింది. తర్వాత తనే అంది.

“ఆయమ్మ రాకపోతే పోనీ. నేను పోయుండొచ్చు గదా ముందరికి? నాకే దైర్నం చాల్లేదు పాపా. చిన్నదాని శ్రీమంతానికి ఇంగ అడగను కూడా అడగలేదు, నేనే పోయి తలుపెనక నిలబడినా.”

తన తప్పే అనుకుంటోంది. నన్ను తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, అది నాకు బాగా వచ్చు. ఆమె తనను తాను తిట్టుకుంటుంటే నా బస్సు వచ్చిందని చెప్పి కదులుతున్నదేదో ఎక్కేశాను. అది హోసూరు వైపు పోయేది కూడా కాదు, తర్వాతి ఊళ్ళో దిగి మరొకటి పట్టుకున్నాను.

ఆమె ఇంకా ఉంది. వెళ్ళి చెప్పవచ్చు కదా అని మీరు అడుగుతారు. రోజూ నన్ను నేను అడుగుతాను. చెబితే ఆమె క్షమించేస్తుందేమో, అది తట్టుకోలేను. క్షమించకపోతే దాన్నీ మనసులో పెట్టుకుంటానేమో, నన్ను నేను నమ్మను. ఏం చేస్తానో తెలియదు. మంచిదానినయ్యానని చెప్పడానికి ఇది రాయలేదు.

మునెమ్మకు ధైర్యం చాలక కాదు. నందినికి ఆ ఇంటి కూడు పడక కాదు. ఆచారం ఆ రోజు ఓడిపోవడానికి సిద్ధంగానే ఉంది. తల్లిని తలుపు వెనక నిలబెట్టింది నేను. ఇంతవరకూ ఈ వాక్యాన్ని ఏ భాషలోనూ అనలేదు. ఇప్పుడు అన్నాను.